దూరపు కొండల గారికి, చదును నేల నుంచి

రెజైనా, కెనడా,
జూలై ఆఖరి వారం.

మహారాజశ్రీ రాకీ పర్వతాల గారికి,

మీ పాత భక్తుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కదిలే రకం కాదు కాబట్టి మీరూ క్షేమమే అయి ఉంటారు. ఉభయకుశలోపరి, ఈ ఏడాది ఎండాకాలం సెలవులకు మేము మీ దగ్గరికి రావడం లేదు. నా మీద కోపం పెట్టుకోకండి. మేము రాకపోతే మీకు తగ్గేదేమీ లేదని నాకూ తెలుసు. ఒక పార్కింగ్ స్లాటు మిగులుతుంది, అంతే.

ఎనిమిదేళ్ళలో ఆరుసార్లు వచ్చాం మీ దర్శనానికి. రెజైనా నుంచి మీ ఒళ్ళో ఉన్న బాన్ఫ్‌కు రానూ పోనూ దాదాపు 1,800 కిలోమీటర్లు. తెనాలి నుంచి ఢిల్లీ వెళ్ళినంత దూరం. సెలవు నాలుగు రోజులైతే అందులో రెండు రోజులు స్టీరింగు ముందే గడిచిపోతాయి. మిగతా రెండు రోజులు పార్కింగ్ వెతకడానికి.

దూరపు కొండలు నునుపు అని చిన్నప్పుడు కాపీ పుస్తకంలో పేజీలు పేజీలు రాశాను. ఆ సామెత కట్టినాయన మిమ్మల్ని చూసి ఉండడు. మీరు దగ్గరికొచ్చినా నునుపుగానే ఉంటారు. గరుకంతా మీ కిందున్న పార్కింగులో ఉంటుంది. మొరెయిన్ సరస్సుకు 2023 నుంచి సొంత కార్లు రానివ్వడం లేదని, బస్సుకు ముందే టికెట్ కొనుక్కోవాలని మాకు ఆ సరస్సు మలుపు దగ్గరికి వెళ్ళాక తెలిసింది. సరే, లేక్ లూయీజ్ ఉంది కదా అని మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, పిల్లల్ని దుప్పట్లతో సహా కార్లో వేసుకుని పోతే, మాకన్నా భక్తి ఉన్నవాళ్ళు మాకన్నా ముందే వచ్చేశారు. ఈ మాత్రం తిప్పలు తిరుమలలోనూ పడ్డాను. అక్కడ చివర్లో లడ్డూ ఇస్తారు.

ఎలుగుబంట్లు వస్తాయి, కార్లో తిండి వదలకండి అని ఎక్కడ చూసినా బోర్డులే. అందుకని పులిహోర డబ్బా, పెరుగన్నం, ఆవకాయ సీసా, అప్పడాల సంచీ అన్నీ రోజూ రాత్రి లిఫ్టు లేని బసలో మూడో అంతస్తు దాకా మోయడం, పొద్దున్నే దింపడం. ఎలుగుబంటి ఆవకాయ తింటే ఏమవుతుందో చూడాలని మావాడికి మహా సరదా. రెండో రోజుకి నాకూ పుట్టింది.

అయినా ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. అక్కడే ఉంది మీ మహత్యం. మీ ముందు నిలబడి అందరం నవ్విన నవ్వు పడుతుంది గాని, దానికి రెండు నిమిషాల ముందు మేమిద్దరం పడ్డ దెబ్బలాట పడదు. జూలై వచ్చిందంటే మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా అవే ఆకుపచ్చ నీళ్ళు, అదే ఎర్ర పడవ, మనుషులు మాత్రమే వేరు. ఒకప్పుడు మొరెయిన్ సరస్సు బొమ్మ కెనడా ఇరవై డాలర్ల నోటు మీద ఉండేదట. ఇప్పుడు సరస్సు నోటు మీద లేదు. నోట్లే సరస్సు దగ్గర ఉన్నాయి.

మాది చదును నేల, ఒప్పుకుంటాను. ఇక్కడ కుక్క పారిపోతే మూడు రోజులు కనబడుతూనే ఉంటుందని ఇక్కడివాళ్ళే జోకులేసుకుంటారు. కొండ లేదు, సముద్రం లేదు, చివరికి ఊళ్ళో ఉన్న వస్కానా సరస్సు కూడా మేము కట్ట కట్టి చేసుకున్నదే. 1930లలో పంటలూ పనులూ లేని రోజుల్లో మనుషుల్ని పెట్టి పారలతో తవ్వించి దాన్ని లోతు చేశారు. మన భాషలో చెప్పాలంటే కరువు పని. ఆ తవ్విన మట్టితోనే మధ్యలో దీవులు పోశారు. అంతకన్నా ఎత్తు కావాలంటే మా వల్ల కాదు.

ఎత్తు లేదు గాని లోతు ఉంది. ఊరు దాటి గంట పోకముందే రోడ్డు ఉన్నట్టుండి కిందికి జారి క్వాపెల్ లోయలో పడుతుంది. వేల ఏళ్ళ కిందట మంచు కరిగిన నీళ్ళు కోసుకుపోయిన లోయ అది. అడుగున వరసగా సరస్సులు. కొండను బోర్లించారనుకోండి. ఇంకోవైపు యాభై కిలోమీటర్లు పోతే లాస్ట్ మౌంటెన్ లేక్. చివరి కొండ సరస్సు! ఆ పేరు చూసి మొదటిసారి కొండ కోసం చుట్టూ వెతికాను. మీకిది నచ్చకపోవచ్చు గాని, దాని ఉత్తరపు కొసన 1887లోనే పక్షుల కోసం నేల కేటాయించి పెట్టారు, ఉత్తర అమెరికాలో అలాంటిది అదే మొదటిదట. బాన్ఫ్‌ను పార్కుగా కేటాయించడం మొదలైన రెండేళ్ళకే. మీకు టూరిస్టులొచ్చారు, మాకు పక్షులొచ్చాయి. ఎవరి అదృష్టం వాళ్ళది.

అసలు సంగతికి వస్తాను. ఈ ఏడాది మా మామయ్యగారు, అత్తయ్యగారు వచ్చారు. ఆయన తెనాలి దగ్గర మాగాణి రైతు. వరి కోతల ముందు చేలో మినుములు, పెసలు చల్లుతారు. వచ్చిన నాలుగు రోజులూ కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి గడ్డి కోసే మిషన్నే చూశారు. అత్తయ్యగారి టెన్షన్ వేరు. రాత్రి తొమ్మిదింటికి కూడా పొద్దు గూకకపోతే సంజె దీపం ఎప్పుడు పెట్టాలి? నేను మామూలుగా "బాన్ఫ్ తీసుకెళ్తాను మామయ్యా" అన్నాను. "కొండలదేముంది అల్లుడుగారూ, కోటప్పకొండ చూశాంగా" అన్నారు.

సరే, దగ్గరలోనే తిప్పుదామని మూస్‌జా వైపు బయల్దేరాం. అక్కడ మ్యాక్ అనే పెద్ద దుప్పి బొమ్మ ఉంది. నార్వేవాళ్ళు దానికన్నా ముప్పై సెంటీమీటర్లు ఎత్తయిన దుప్పిని పెట్టుకున్నారని తెలిసి, 2019లో మావాళ్ళు దీనికి కొమ్ములు మార్చి మళ్ళీ పొడుగు చేశారు. ఎత్తు విషయంలో మాకు ఎంత పట్టింపో చూశారా. మామయ్యగారు దాన్ని ఒకసారి చూసి, "బాగానే ఉంది" అని కారెక్కేశారు.

అక్కణ్ణించి దక్షిణానికి తిరిగి కంకర రోడ్డెక్కాక, ఆయన ముందుకు వంగి, "అల్లుడుగారూ, కాస్త బండి ఆపండి" అన్నారు. కంగారుపడి ఆపాను. ఒకవైపు ఆవ చేను, చివరి పూత. రెండోవైపు మోకాలెత్తు కూడా లేని పైరు, సన్న ఆకు, కనుచూపు మేర. ఆయన రోడ్డు వార నిలబడి చాలాసేపు చూశారు.

"గట్లేవి?"

లేవన్నాను.

"గట్టు లేకుండా ఎవరి చేను ఏదో ఎట్లా తెలుస్తుంది?"

ఇక్కడ ఒక్కో ముక్క 160 ఎకరాలని, ఒక్కో రైతుకి అలాంటివి చాలా ఉంటాయని చెప్పాను. ఆయన మనసులో ఏదో లెక్క వేసుకుని, అది తెగక వదిలేశారు. ఇంతలో దుమ్ము లేపుకుంటూ ఒక పికప్ ట్రక్కు వచ్చి మా పక్కన ఆగింది. రోడ్డు మీద కారు ఆగితే ఏమైందని అడగకుండా పోరు ఇక్కడ. కారు బాగానే ఉంది, మా మామగారు రైతు, మీ పైరు చూస్తున్నారు అన్నాను. ఆ పెద్దమనిషి దిగి, చేలోకి పోయి ఒక మొక్క వేళ్ళతో సహా పీకి తెచ్చి ఇచ్చాడు.

మామయ్యగారు బొటనవేలి గోటితో ఒక కాయ చీల్చారు. లోపల చదునుగా, పచ్చిగా రెండు గింజలు. ఒకటి నోట్లో వేసుకుని, రెండోది నా అరచేతిలో పెట్టారు. "మసూరు. మనం కొట్లో కొనే ఎర్రపప్పు."

ఆ తర్వాత ముప్పావు గంట నేను దుబాసీని. వాన ఎప్పుడు పడింది, ఎకరానికి ఎంత దిగుతుంది, మందులెన్నిసార్లు కొడతారు, రేటెంత. ప్రశ్న ఇటునుంచి సగం వెళ్ళేసరికే జవాబు అటునుంచి వచ్చేస్తోంది. ఈ నేలలో మసూరు నిలదొక్కుకుని యాభై ఏళ్ళే అయిందట. సస్కటూన్‌లో ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త 1978లో విడుదల చేసిన లెయిర్డ్ అనే రకంతో ఊపందుకుందట. 2017 చివర్లో ఢిల్లీవాళ్ళు దిగుమతి సుంకం బఠానీల మీద 50 శాతం, మసూరు మీద 30 శాతం వేసేసరికి నడ్డి విరిగిందన్నాడాయన. నేను తెలుగు చేసి చెప్తే మామయ్యగారు తలూపి, "మమ్మల్ని మాత్రం అడిగి చేస్తారా ఏంటి, అని చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆ పెద్దమనిషి టోపీ తీసి నవ్వాడు. వెళ్తూ వెళ్తూ స్టీరింగు మీంచి రెండు వేళ్ళు లేపాడు. ఈ సీమలో అదే నమస్కారం. మామయ్యగారు రెండు చేతులూ జోడించారు.

ఆ రోజు ఇంకేమీ చూడలేదు. మసూరు మొక్కను గ్లాసులో పెట్టి కిటికీలో ఉంచాం. సాయంత్రం అత్తయ్యగారు మామిడికాయ పప్పు చేస్తే, ఇండియన్ స్టోరులో కొన్న ఎర్రపప్పు ప్యాకెట్టు తిప్పి చూశాను. "ప్రొడక్ట్ ఆఫ్ కెనడా" అని ఉంది. ఎనిమిదేళ్ళుగా నేను వండుకుంటున్న పప్పు ఎక్కడిదో నేనెప్పుడూ చూడలేదు. మీ దగ్గరికి పోయే తొందరలో ఈ చేల పక్కనుంచే గంటకు 110లో దూసుకుపోయాను కదా.

మరో శనివారం లిటిల్ మానిటూ సరస్సుకు వెళ్ళాం. రెండు గంటల దారి. సముద్రం కన్నా ఉప్పు ఎక్కువ, అందులో మనిషి మునగడు. నాకు ఈత రాదు. వెల్లకిలా పడుకోగానే కాళ్ళు వాటంతటవే పైకి లేచాయి, పొట్ట దీవిలా తేలింది. పొద్దున గడ్డం గీసుకున్న చోట మాత్రం భగ్గుమంది. పక్కనే లుంగీలో మామయ్యగారు కళ్ళు మూసుకుని తేలుతున్నారు. ఒడ్డుకొచ్చి ఆరేసరికి ఒంటి మీద తెల్లగా ఉప్పు పొర. అత్తయ్యగారు చూసి, "ఇద్దరూ ఊరేసిన మామిడి ముక్కల్లా ఉన్నారు, ఆవపిండి ఒక్కటే తక్కువ" అన్నారు. ఆ ఆవాలూ ఇక్కడివే అని చెప్దామనుకుని ఊరుకున్నాను. ఆ ఒడ్డునే 1928లో కట్టిన డాన్సు హాలు ఒకటి ఉంది. చెక్క నేల కింద గుర్రపు వెంట్రుకలు పరిచారు, అడుగు వేస్తే మెత్తగా లేస్తుంది. అత్తయ్యగారు ఎవరూ చూడకుండా రెండు అడుగులు వేసి చూశారు. నేను చూడలేదు.

అంతా బాగుందని చెప్తే మీరు నమ్మరు. దోమలున్నాయి. తెనాలి కాలువ గట్టు దోమల్ని చూసినవాణ్ణి నేను, అవి వీటి ముందు పసిపిల్లలు. ఒక్కో రోజు ఉత్తరాన తగలబడే అడవుల పొగ వస్తుంది, సూర్యుడు నారింజ తొనలా కనబడతాడు. నిన్న సాయంత్రం క్రికెట్ బంతులంత కాకపోయినా గోలీకాయలంత వడగళ్ళు పడ్డాయి. అయితే ఆ మబ్బు మా మీదికి రావడం గంట ముందే వరండాలో కుర్చీ వేసుకుని చూశాం. పడమటంతా నీలం రంగు గోడలా లేచింది, అంచుల్లో మెరుపులు, కింద పసుపు చేలు. అడ్డం రావడానికి ఏ కొండా లేదు. క్షమించాలి, మిమ్మల్ని అన్నది కాదు.

ఇంతే సంగతులు. చిత్తగించవలెను.

ఇట్లు,
మీ మాజీ భక్తుడు.

తా.క.: వచ్చే నెల హైదరాబాద్ నుంచి మా తోడల్లుడి కుటుంబం వస్తోంది. వీసా రాకముందే "బాన్ఫ్ మీకు ఎంత దూరం?" అని అడిగాడు. మొరెయిన్ సరస్సు బస్సుకు నాలుగు టికెట్లు కొని ఉంచాను. నాకు కాదు. కారు వాళ్ళే తోలుకుంటారు, పులిహోర మేము కట్టిస్తాం. ఎలుగుబంట్లకు ముందే చెప్పి ఉంచండి, ఆవకాయ ఈసారి కొత్తది, కారం ఎక్కువ.