పునీతుడి పేరులోంచి కులం తీసేశారు, మన పెళ్లి ప్రకటనలోంచి ఎప్పుడు?

వాట్సాప్‌లో కతోలిక పెళ్లి సంబంధాల గ్రూపులు చూసేవాళ్లకు ఈ వరస బాగా తెలుసు. 'అబ్బాయి ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్), బీటెక్, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. రోజూ జపమాల చెప్పుకునే కుటుంబం. రెడ్డి అమ్మాయి కావాలి.' దాని కింద కమ్మ. దాని కింద మాల, ఆ తర్వాత మాదిగ. కొందరు పెద్ద మనసు చేసుకుని 'కులం పట్టింపు లేదు' అని రాసి, పక్కనే 'ఎస్సీలు క్షమించాలి' అని కలుపుతారు. క్షమించడం కూడా క్రైస్తవ సుగుణమే కదా!

ఇదే అబ్బాయి ఏడాది కిందట యూత్ రిట్రీట్‌కి, అంటే యువత ధ్యాన శిబిరానికి, వెళ్లి ఉంటాడు. అక్కడ సుగుణాల మీద ప్రసంగం విని ఉంటాడు. ఫోన్ తగ్గించండి, చెత్త వీడియోలు చూడకండి, ప్రేమ పేరుతో హద్దు దాటకండి, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లండి. ఇందులో ఒక్క మాట కూడా తప్పని నేను అనను. కాకపోతే సుగుణాలన్నీ ఇక్కడితో అయిపోయాయా అన్నదే నా గొడవ.

శ్రీసభ, అంటే కతోలిక చర్చి, మూల సుగుణాలని చెప్పేవి నాలుగు: వివేకం, న్యాయం, ధైర్యం, మితం. మన పిల్లలకు చెప్పేది నాలుగోదాని గురించి, అదీ ఒంటికి సంబంధించినంత మేరకే. న్యాయం అంటే దేవుడికి చెందాల్సింది దేవుడికి, పొరుగువాడికి చెందాల్సింది పొరుగువాడికి ఇచ్చి తీరాలన్న గట్టి పట్టుదల అని శ్రీసభ బోధనల గ్రంథమైన సత్యోపదేశం చెబుతుంది. నేను కూర్చున్న రిట్రీట్‌లు తక్కువేమీ కాదు. పెళ్లిచూపుల గదిలోకి ఈ మాటను తీసుకెళ్లిన ప్రసంగం ఒక్కటీ గుర్తు లేదు.

2025 సెప్టెంబర్ 7న 14వ లియో పోపు పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించిన ఇద్దరు కుర్రాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు మన విచారణల (ఒక్కో గుడి కింద ఉండే సంఘాల) గోడల మీద వాళ్ల పోస్టర్లే. కార్లో అకుటిస్ అంటే జీన్స్, స్పోర్ట్స్ బూట్లు, వెబ్‌సైట్, వారానికి ఒక్క గంట ప్లేస్టేషన్. ఈ చివరి ముక్క తల్లిదండ్రులకు మరీ ఇష్టం. వాళ్లింట్లో మారిషస్ నుంచి వచ్చిన ఒక హిందూ బ్రాహ్మణుడు పనిచేసేవాడు. యజమాని కొడుకు తనను పనివాడిలా చూడలేదనీ, ఆ పిల్లవాడి ప్రభావంతోనే తాను జ్ఞానస్నానం తీసుకున్నాననీ తర్వాత ఆయనే చెప్పాడు. మన ప్రసంగాల్లో ఈ ముక్క వినపడదు. పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టే కతోలిక ఇళ్లు ఇంకా ఉన్న చోట వినపడకపోవడం వింతేమీ కాదు.

రెండోవాడు పియర్ జార్జియో ఫ్రస్సాటి. తండ్రి 'లా స్టాంపా' పత్రిక స్థాపకుడు, జర్మనీలో ఇటలీ రాయబారిగా చేసిన పెద్దమనిషి. కొడుకు మాత్రం ట్యూరిన్ పేదవాడల్లో మందులూ బట్టలూ పంచుతూ తిరిగాడు. పోలియో సోకి 1925 జులై 4న 24 ఏళ్లకే పోయాడు. అంత్యక్రియల రోజు వీధుల నిండా పేదలు నిలబడి ఉంటే, తమవాడు ఎక్కడెక్కడ తిరిగేవాడో ఇంట్లోవాళ్లకు అప్పుడు అర్థమైంది.

అయితే తెలుగు కతోలిక యువతకు ఇటలీ దాకా ప్రయాణం ఎందుకు? కన్యాకుమారి చాలు. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో నీలకంఠ పిళ్ళై అనే ఉద్యోగి ఉండేవాడు. 1745లో జ్ఞానస్నానం తీసుకుని దేవసహాయం అయ్యాడు. పై కులంలో పుట్టి కింది కులాల వాళ్లతో కలిసి కూర్చున్నాడు. జైల్లో పెట్టారు, హింసించారు, చివరికి 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి కొండ మీద కాల్చి చంపారు. 2022 మే 15న ఫ్రాన్సిస్ పోపు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. 2012లో ధన్యుడిగా, అంటే పునీత హోదాకు ముందు మెట్టుగా, ప్రకటించినప్పుడు 'దేవసహాయం పిళ్ళై' అనే పిలిచారు. ఆ తోక కులానికి గుర్తు, ఆయన దేని మీద పోరాడాడో దానికే విరుద్ధం అని మన దేశం నుంచి అభ్యంతరం వెళ్తే, వాటికన్ తీసేసింది. ఎప్పుడో చనిపోయిన పునీతుడి పేరులోంచి రోమ్ నగరం కులాన్ని చెరిపేసింది. బతికున్న మనం శుభలేఖ మీద బంగారు అక్షరాలతో అచ్చు వేయించుకుంటున్నాం.

పెద్దలు చెప్పే జవాబు నాకు తెలుసు, అందులో నిజం లేకపోలేదు. కతోలికులమే కొద్దిమందిమి, పిల్ల మన మతంలో ఉంటే చాలనుకుంటున్నాం, అలవాట్లు కలవకపోతే కాపురం నిలబడదు, రేపు ఏ గొడవైనా వస్తే బంధువులేగా నిలబడేది అంటారు. సరే. కానీ అలవాట్లు కలవడమే ముఖ్యమైతే ఒకే విచారణలో పెరిగి, ఒకే బడిలో చదివి, గుణదల తిరునాళ్లకు ఒకే బస్సులో వెళ్లిన ఇద్దరికంటే అలవాట్లు కలిసేదెవరికి? అక్కడ లెక్క తేలిపోతుంది. అడ్డొచ్చేది అలవాటు కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఫ్రస్సాటి జీవితంలో నన్ను ఇబ్బంది పెట్టే ఘట్టం కూడా ఒకటుంది, దాచను. ఆయన లారా హిడాల్గో అనే అమ్మాయిని ప్రేమించాడు. ఆమెకు తల్లిదండ్రులు లేరు, ఆయన ఇంటి అంతస్తుకు తూగదు. ఇంట్లో ఒప్పుకోరని తెలుసు. అమ్మానాన్నల కాపురం అప్పటికే విడిపోయే అంచున ఉంది. ప్రేమ సంగతి ఆ అమ్మాయికి కూడా చెప్పకుండానే వదిలేసుకున్నాడు. ఇది వినగానే మనవాళ్లు 'చూశావా, పునీతుడే పెద్దల మాట దాటలేదు' అంటారు. నిజమే, దాటలేదు. కానీ ఆయన వదులుకున్నది తన సంతోషాన్ని. ఇంకో గొప్పింటి అమ్మాయిని చేసుకుని స్థిరపడలేదు. ఆ అమ్మాయికి ఆశ పెట్టి వెనక్కి తగ్గలేదు. మనవాడు మూడేళ్లు కలిసి తిరిగి, 'అమ్మ ఏడుస్తోంది, నా వల్ల కాదు' అన్నప్పుడు పోయేది ఎవరిది? అమ్మాయిది. అతనికి ఆర్నెల్లలో ఇంకో సంబంధం వస్తుంది, కట్నంతో సహా. వరకట్నం మీద 1961 నుంచి చట్టం ఉంది. ఆ కట్నం డబ్బుతోనే ఫ్లాటుకు అడ్వాన్సు కట్టి, ఫాదర్‌ను పిలిచి ఇంటిని దీవించమంటాం. ఇంత జరిగినా ఆ అబ్బాయి రిట్రీట్ లెక్క ప్రకారం సుగుణవంతుడే. హద్దు దాటలేదు కదా!

ఇక్కడ నా పాత పాట ఒకటి ఎత్తుకోక తప్పదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీల్లో 'సీ' గ్రూపు (బీసీ-సీ) కింద లెక్కిస్తారు. అందుకే ఏటా ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని ధర్నాలు చేస్తాం. అక్కడ మన వాదన ఒక్కటే: మతం మారినా కులం పోలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా క్రైస్తవులను కలపాలనే చెప్పింది. నేను ఆ ధర్నాల్లో కూర్చున్నవాణ్ణే, ఆ హోదా రావాల్సిందే. కానీ మతం మారినా కులం పోలేదనడానికి అందరికంటే గట్టి సాక్ష్యం ఎవరిస్తున్నారు? మన పెళ్లి ప్రకటనలే. 2016లో భారత కతోలిక బిషప్పుల సమాఖ్యే తన దళిత విధాన పత్రంలో శ్రీసభలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. దాదాపు కోటీ 90 లక్షల మంది కతోలికుల్లో కోటీ 20 లక్షల మంది దళితులేనని కూడా చెప్పింది. అంటే ఆ 'ఎస్సీలు క్షమించాలి' అన్న మాట శ్రీసభలో సగానికి మించిన జనానికి చెబుతున్నట్టు. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని కార్డినల్ అయితే, తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ అని అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆయన ఉంగరం ముద్దు పెట్టుకున్న కుటుంబాల్లో ఎన్ని ఆయన పుట్టినలాంటి పేట నుంచి అల్లుణ్ణి తెచ్చుకుంటాయి?

దీనికి ధైర్యం కావాలి, అది మూడో సుగుణం. 2018లో కొట్టాయంలో ఒక దళిత క్రైస్తవ యువకుణ్ణి, అతను ప్రేమించిన అమ్మాయి సోదరుడు మనుషుల్ని వేసుకొచ్చి ఎత్తుకెళ్లాడు. మర్నాడు శవం దొరికింది. ఆ కేసులో పదిమందికి యావజ్జీవం పడింది. కాబట్టి ఊరికే కూర్చుని పిల్లలకు 'ధైర్యంగా ఉండండి' అని చెప్పడం నాలాంటివాళ్లకు సులువు. ఆ ధైర్యం వాళ్లొక్కళ్ల నెత్తిన పెట్టకూడదు. పెళ్లికి ముందు తరగతుల్లో కుటుంబ నియంత్రణ మీద గంట మాట్లాడే ఫాదర్‌గారు, కులం మీద, కట్నం మీద ఇంకో గంట మాట్లాడితే ఆ ఇద్దరికీ వెనక ఒక మనిషి ఉన్నట్టుంటుంది.

మా విచారణలో గాయక బృందంలో పరిచయమైన ఇద్దరు పెళ్లి చేసుకున్నారు, కులాలు వేరు. అభ్యంతరాలుంటే చెప్పమని మూడు ఆదివారాలు పూజ చివర పెళ్లి ప్రకటన చదివారు, ఎవరూ లేచి అడ్డు చెప్పలేదు. పెళ్లి రోజు మాత్రం అమ్మాయి వైపు బెంచీలు ఖాళీ. రిజిస్టర్‌లో ఆమె తరఫున సాక్షి సంతకం పెట్టడానికి మనిషి లేకపోతే, కీబోర్డు వాయించే కుర్రాడు లేచి వచ్చి పెట్టాడు. ఆ కుర్రాడిదీ అమ్మాయి కులమే. ఇంట్లో నెల రోజులు వాడితో ఎవరూ మాట్లాడలేదు.