మా దుబాయ్, మీ ఇండియా

'మన' అనే మాటకీ 'మా' అనే మాటకీ మధ్య తెలుగులో ఒక సన్నటి గీత ఉంది. 'మన ఊరు' అంటే ఎదుటివాడికీ అందులో వాటా ఉన్నట్టు. 'మా ఊరు' అంటే నువ్వు పక్కకు జరుగు అన్నట్టు. ఈ గీతను ఇంత నిష్ఠగా పాటించే మనిషిని నా జీవితంలో ఒక్కణ్నే చూశాను. ఆయన మా బామ్మర్ది. ఏడాదికోసారి ఇరవై రోజుల సెలవు మీద జగిత్యాల వస్తాడు. శంషాబాద్‌లో లగేజీ బెల్టు దగ్గరే మొదలు: "మా దుబాయ్‌లో అయితే ఈపాటికి బ్యాగులు ఇంటికి చేరేవి."

అక్కడి నుంచి ఇరవై రోజులు అదే. నల్లా తిప్పితే మా దుబాయ్. బస్సు ఎక్కితే మా దుబాయ్. ఒకసారి మా పెరట్లో కోడి అడ్డమొస్తే, మా దుబాయ్‌లో ఇట్లా తిరగనివ్వరన్నాడు. ఆ కోడి అప్పటికి మా ఇంట్లో మూడేళ్లుగా ఉంటోంది, వీసా అక్కర్లేకుండా. అసలు దెబ్బ మాత్రం కరెంటు పోయిన రోజు పడింది. "మీ ఇండియాలో ఈ పవర్ కట్లు ఇంకా తగ్గలేదామ్మా?" అని కన్నతల్లిని అడిగాడు. మా అత్తగారికి ఇండియా తనదేనని అంతకుముందు ఎవరూ చెప్పినట్టు లేదు. కంగారుపడి, "నేనేం జేద్దు బిడ్డా" అంది.

నేను న్యాయంగా ఆలోచించే మనిషిని. 'మా' అనడానికి ఆయనకున్న హక్కు పత్రాలేమిటో పరిశీలించాను. రెండేళ్లకోసారి చెయ్యి చాపి రక్తం ఇస్తాడు, ఛాతీకి ఎక్స్‌రే తీయించుకుంటాడు, పాసైతే మరో రెండేళ్లు ఉండనిస్తారు. ఉద్యోగం పోతే వీసా రద్దు, ఆ తర్వాత సామాను సర్దుకోవడానికి గడువు. దుబాయ్, అబుదాబి లాంటివి కలిసిన ఆ యూఏఈ దేశంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఇలాంటి వాళ్లే. 2021లో చట్టం సవరించి, పెట్టుబడిదారులకు, డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు, కళాకారులకు పౌరసత్వం ఇచ్చే వీలు కల్పించారు. అదీ మనం దరఖాస్తు పెట్టుకునేది కాదు, వాళ్లే పేరు సూచించాలి. ఆ జాబితా రెండుసార్లు చదివాను. కార్గో కంపెనీలో అకౌంట్స్ చూసే అసిస్టెంట్ మేనేజర్లు అందులో లేరు.

ఇంకో చిన్న సంగతి. ఆయన ఉండేది దుబాయ్‌లో కాదు, షార్జాలో. అద్దె తక్కువని. రోజూ పొద్దున్నే గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుని 'మా దుబాయ్'కి వెళ్లి, సాయంత్రం మరో గంటన్నర కూర్చుని 'మా దుబాయ్' నుంచి బయటికొస్తాడు. ఈ విషయం మా ఆవిడకి పదకొండేళ్ల దాకా తెలియదు. వరద వచ్చింది కాబట్టి తెలిసింది.

ఆ వరద సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2024 ఏప్రిల్ 16. 1949 నుంచి రాసి పెట్టుకున్న లెక్కల్లో అంత వాన లేదు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఏడాది మొత్తానికి సగటున 95 మిల్లీమీటర్లు పడే చోట ఒక్క రోజులో 142 పడింది. అల్ ఐన్ దగ్గర ఒక చోట 254. రన్‌వే మీద విమానాలు గోదారిలో లాంచీల్లా పోతున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. మా ఆవిడ గుండెలు బాదుకుంటూ తమ్ముడికి వీడియో కాల్ చేసింది. తొమ్మిదో అంతస్తు బాల్కనీలో నిలబడి ఉన్నాడు, చక్కగా ఇస్త్రీ చొక్కాతో.

"ఏం కాలేదక్కా, ఇండియా చానళ్లు ఎక్కువ చేసి చూపిస్తాయి" అన్నాడు. వెనక ఏదో తేలుతూ పోయింది. సోఫాలాగే ఉంది.

"నీ కారేదిరా?" అన్నాను.

ఫోన్ కిందికి తిప్పి చూపించాడు. "అదిగో బావా, తెల్లగా కనిపిస్తోంది చూడు, అది రూఫ్. సెల్లార్‌లో ఉంటే పూర్తిగా మునిగేది. ఇక్కడి పార్కింగ్ ప్లానింగ్ అట్లా ఉంటుంది."

"కరెంటుందా?"

"సేఫ్టీ కోసం వాళ్లే తీసేశారు. నీళ్లు కూడా సేఫ్టీ కోసమే రావట్లేదు."

"లిఫ్టు?"

"వాకింగ్ అవుతుంది కదా బావా. ఇక్కడ అందరూ ఫిట్‌నెస్ చూసుకుంటారు." తొమ్మిది అంతస్తులు దిగి, నీళ్లలో పాల ప్యాకెట్ కోసం వెళ్లి, దొరక్క, తొమ్మిది అంతస్తులు ఎక్కి వచ్చినట్టుంది. రొప్పుతున్నాడు. ఆ రొప్పులోనే అన్నాడు: "ఇదే మీ హైదరాబాద్‌లో అయితే చూడు, మోరీ నీళ్లు వచ్చేవి. ఇవి ప్యూర్ వాన నీళ్లు. అడుగు కనిపిస్తోంది." అడుగున ఆయన కారు చక్రాలు కనిపిస్తున్నాయి.

అసలు అక్కడ నీళ్లు పోవడానికి కాలవలు లేవేమిట్రా అంటే, నా అజ్ఞానానికి నవ్వాడు. "ఎడారిలో డ్రైనేజీ ఎందుకు బావా? మీవాళ్లలా డబ్బులు తగలేయరు వీళ్లు." మూడు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, దుబాయ్ ప్రభుత్వం 3,000 కోట్ల దిర్హాములతో వాన నీటి కాలవల ప్రాజెక్టు ప్రకటించింది, 2033 కల్లా పూర్తి చేస్తామని. ఆ వార్త నాకు మొదట పంపింది ఎవరనుకున్నారు? కింద ఒక లైను రాసి మరీ పంపాడు: "చూశావా, మా దుబాయ్ విజన్!"

నాలుగో రోజుకి షార్జాలో వాళ్ల వీధిలో నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. చుట్టం ఒకాయన ఆ వీడియో కాల్‌లోంచి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అప్పుడు చూశాను మా బామ్మర్ది కంగారు. కారు మునిగినప్పుడు చెక్కుచెదరని మనిషి, వెంటవెంటనే మూడు ఫోన్లు చేశాడు. "డిలీట్ చెయ్యమను బావా, ఇప్పుడే. కంట్రీ ఇమేజ్ విషయం ఇది." ఊరికే భయపడలేదు లెండి. 2021లో వచ్చిన సైబర్ చట్టంలో దేశ ప్రతిష్ఠను ఎగతాళి చేసినా, దెబ్బతీసినా శిక్ష ఉంది. అంటే ఆయన ఇన్నేళ్లుగా ఆ దేశాన్ని మెచ్చుకుంటున్నాడో, ట్రాఫిక్ రూల్ పాటిస్తున్నాడో తేల్చడం కష్టం. 2016లో ఆ దేశం ఆనందానికి ఒక మంత్రిని కూడా పెట్టుకుంది. కస్టమర్ సర్వీస్ కౌంటర్లకు హ్యాపీనెస్ సెంటర్లని పేరు మార్చింది. మార్చుకోనివ్వండి, వాళ్ల దేశం వాళ్లిష్టం. ఏ ప్రభుత్వమైనా తన బొమ్మకు రంగులేసుకుంటుంది, మనవాళ్లేం తక్కువ తిన్నారా? నా గొడవ ఆ బొమ్మతో కాదు. జీతం లేకుండా దాని ముందు కాపలా కాస్తున్న మా బామ్మర్దితో.

సరే, ఇక్కడిదాకా నవ్వుకున్నాం.

మా వీధి చివర ఇంకో దుబాయ్ మనిషి ఉండేవాడు. మా దగ్గర సౌదీ పోయినా, మస్కట్ పోయినా 'దుబాయ్ పోయిండు' అనే అంటారు గానీ ఇతను నిజంగానే దుబాయ్ పోయాడు. ఏజెంటుకు లక్షా ముప్పై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. రాడ్ బెండింగ్ పని. ఆరేళ్లలో రెండుసార్లు వచ్చాడు. అతని నోట 'మా దుబాయ్' అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. 'కంపెనీల', 'క్యాంపుల', 'ఆడ', అంతే. సిటీ ఎట్లుంటదిరా అని అడిగితే, బస్సు కిటికీలోంచి కనిపిస్తదన్నాడు. అతనుండే క్యాంపు సోనాపూర్‌లో. హిందీలో బంగారు ఊరని అర్థం. ఒక్కో గదిలో పదిమంది చొప్పున వేలాది కూలీలు పడుకునే చోటుకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, వ్యంగ్యం రాయడంలో నాకంటే మొనగాడు.

828 మీటర్ల బుర్జ్ ఖలీఫా 2010 జనవరి 4న ప్రారంభమైంది. ఆ రోజు దాకా దాని పేరు బుర్జ్ దుబాయ్. అంతకుముందు నెలలో అబుదాబి వెయ్యి కోట్ల డాలర్లిచ్చి దుబాయ్‌ని అప్పుల్లోంచి గట్టెక్కించింది. ప్రారంభం రోజున టవర్‌కి అబుదాబి పాలకుడి పేరు పెట్టారు. డబ్బిచ్చినవాడి పేరు ఒక్క రాత్రిలో గోడ మీదికెక్కింది. చెమటిచ్చినవాడి పేరు ఏ గోడ మీద ఉంది? 2006 మార్చిలో అదే టవర్ దగ్గర కూలీలు జీతాల కోసం తిరగబడ్డారు. ఆ సంగతి మా బామ్మర్ది పంపే గుడ్ మార్నింగ్ ఫొటోల్లో ఎందుకుండదు?

మా వీధి చివరి ఆ కుర్రాడు ఆగస్టులో పోయాడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలుంది, ఒప్పుకుంటాను. పన్నెండుంబావుకి ఎండ ఉండదు కాబోలు. రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవలేదు. కాగితం మీద గుండె ఆగిందని, సహజ మరణమని రాశారు. ఇరవై తొమ్మిదేళ్లు వాడికి. ఇరవై తొమ్మిదేళ్లవాడి గుండె ఆగడం ఏ దేశంలో సహజం? సహజమని రాస్తే పనిలో పోయినవాడికిచ్చే పరిహారం కంపెనీ ఇవ్వక్కర్లేదు, అదీ అసలు సంగతి. క్యాంపులో వాళ్లే తలా కొంచెం వేసుకుని పంపించారు. 2019 దాకా అక్కడి నుంచి శవాన్ని తేవాలంటే మన విమానాలు కూడా కిలోల లెక్కన తూచేవి. తర్వాత మనసు కరిగి పెద్దవాళ్లకు 1,500 దిర్హాములని ఒకే రేటు పెట్టారు. ఈ సిగ్గులో మనకూ వాటా ఉంది. ఇక్కడ మాత్రం 'మన' అనే రాస్తున్నాను.

అప్పుడు మా బామ్మర్ది సెలవులో ఇక్కడే ఉన్నాడు. దుబాయ్ కాగితాలు తెలిసినవాడని కుర్రాడి తండ్రి చేతులు పట్టుకుంటే, నాతో పాటు శంషాబాద్ కార్గోకి వచ్చాడు. తెల్లవారుజామున నాలుగింటికి పెట్టె వచ్చింది. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, కాన్సులేట్ ఇచ్చిన ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వరసగా ఉన్నాయి. ఆయన వాటిని ఒక్కొక్కటే తిరగేసి, నిజమైన మెచ్చుకోలుతో తలూపాడు.

"చూశావా బావా, పేపర్లెంత నీట్‌గా పెట్టారో. మా దుబాయ్‌లో..."

వాక్యం పూర్తి కానివ్వలేదు. ఏమన్నానో ఇక్కడ రాయలేను, అచ్చుకు పనికిరాదు. జగిత్యాల దాకా నాలుగు గంటలు అంబులెన్స్ వెనక కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు. కోరుట్ల రోడ్డు దగ్గరికి వచ్చాక, "నేను పేపర్ల గురించే అన్నా బావా" అన్నాడు. అవును, పేపర్ల గురించే.

పదకొండో రోజున పోయాం. ఆ తల్లి మా బామ్మర్దిని గుర్తుపట్టి పక్కన కూచోబెట్టుకుంది. "నువ్వు ఆడనే ఉంటవు గద బిడ్డా. మావోడు కట్టిన బిల్డింగు ఏదో చూపియ్యవా?" అంది.

ఫోన్ తీశాడు. నాలుగు వేల ఫొటోలున్నాయి అందులో, ఆయనే చెప్పుకుంటాడు. చాలాసేపు వెతికాడు. చివరికి బుర్జ్ ఖలీఫా తీసి ఆమె చేతిలో పెట్టాడు. అది పూర్తయ్యేనాటికి ఆ పిల్లాడు బడిలో ఉన్నాడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరం ఏమీ అనలేదు. ఆమె ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఎత్తుకు ఆశ్చర్యపోయి వేలితో తడిమింది. వేలు తగిలి ఫొటో జరిగింది. ఇంకోటి వచ్చింది, దాని వెనక ఇంకోటి. ఆమె ఆపకుండా చూస్తూ పోయింది.

"అన్నిట్ల నువ్వే ఉన్నవేంది బిడ్డా" అంది.