డేనిష్ తిట్టుమాటకీ గ్యాంగులకీ సంబంధం లేదు

డేనిష్‌లో తిట్టుమాటని 'బాండెఓర్డ్' అంటారట, 'బాండె' అంటే గ్యాంగ్, 'ఓర్డ్' అంటే మాట, కాబట్టి అది రౌడీమూకల దగ్గర పుట్టిన పదమట, ఇంగ్లీషు 'బ్యాండిట్'కి (బందిపోటుకి) చుట్టమట. ఈ పోస్టు తెగ తిరుగుతోంది. చదవగానే నిజమే అనిపిస్తుంది కానీ తప్పు.

'బాండె'కి గ్యాంగ్ అనే అర్థం ఉంది, కాదనను. అయితే అది ఫ్రెంచ్‌లో పుట్టి జర్మన్ మీదుగా వచ్చిన వేరే పదం. తిట్టుమాటలో ఉన్నది ఒక క్రియ, స్కాండినేవియాలో పూర్వం మాట్లాడిన పాత నార్స్ భాషలో దాని రూపం 'బన్నా', అంటే నిషేధించడం, శపించడం. మనకి తాగే పాలూ, వాటాకొచ్చే పాలూ ఉన్నట్టే: రాత ఒకటి, మాటలు రెండు. మరి మధ్యలో ఆ 'డి' ఎక్కడిది? పాత 'న్న' ఉన్న చాలా చోట్ల డేన్‌లు 'డి' చేర్చి రాస్తారు, పలకరు. పక్కనున్న నార్వేలో చూడండి, శపించడం 'బన్నె', తిట్టుమాట 'బన్నెఓర్డ్', గ్యాంగ్ మాత్రం 'బాండె'. రెండూ విడివిడిగా కనబడుతూనే ఉన్నాయి, ఇక గ్యాంగ్ కథకి చోటేదీ?

తిట్లు రౌడీల సొత్తు అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు. ఆ తిట్లని విప్పి చూస్తే లోపల దేవుడూ సైతానూ రోగాలూ ఉంటాయి. డేన్‌లు రోజూ వాడే 'స్గు' అరిగిపోయిన దేవుడి ఒట్టు. 'ఫాండెమె' అంటే సైతాను నన్ను మింగెయ్య, 'క్రాఫ్టెడెమె' అంటే క్యాన్సర్ నన్ను మింగెయ్య. ఎదుటివాణ్ణి కాదు, తనని తానే శపించుకోవడం! "అబద్ధమైతే నా కళ్ళు పోతాయ్" అంటామే, అదే పద్ధతి. చర్చి నుంచి వెలివేయడాన్ని 'బాండ్‌లూసె' అంటారు, అందులోనూ ఉన్నది ఈ శాపం, నిషేధమే.

బ్యాండిట్‌తో చుట్టరికం కలపడంలో మాత్రం కొంత నిజముంది. ఇటాలియన్ 'బండితో' అంటే చాటింపు వేసి వెలివేసినవాడు, అది ఇంగ్లీషు 'బ్యాన్' కుటుంబం వైపు మాట. కానీ ఆ చుట్టరికం నిషేధం వైపు నుంచి, ముఠా వైపు నుంచి కాదు.

ఇంకా వెనక్కి వెళితే ఈ కుటుంబానికి మూలం 'పలకడం' అనే అర్థమున్న ధాతువు అంటారు భాషావేత్తలు. సంస్కృత 'భణతి' అక్కడిదే, మనం కవిత్వం గురించి రాసేటప్పుడు వాడే 'భణితి' కూడా.