సవరణ: పిల్లల ఐబీఎస్‌కి తిండి ఆంక్షలు ఎన్నాళ్లు?

పిల్లల ఐబీఎస్ (పేగుల్లో వేరే జబ్బేమీ కనిపించకపోయినా పదే పదే కడుపునొప్పి, విరేచనాల్లో తేడా వచ్చే సమస్య) మీద రాసిన ముందరి పోస్టులో ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, రాజ్మా, మామిడి లాంటివి ఆపితే కడుపునొప్పి, ఉబ్బరం తగ్గవచ్చని ఉంది. ఎన్నాళ్లు ఆపాలో లేదు. ఆపడం 2 నుంచి 6 వారాలే, అదీ డైటీషియన్ పర్యవేక్షణలో. తర్వాత ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూసి, పడనిదాన్ని మాత్రమే తగ్గించాలి. ఎదిగే పిల్లలకు నెలల తరబడి ఇన్ని ఆపితే కాల్షియం, పీచు, చివరికి బరువు కూడా తగ్గే ప్రమాదం ఉంది.

గోధుమ ఆపే ముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించండి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా నెగెటివ్ రావచ్చు.

'వెల్లుల్లి వేయించి తీసేస్తే చాలు' అన్న మాట నూనె పోపుకే వర్తిస్తుంది. వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే ఫ్రుక్టాన్లు (సరిగా అరగని ఒక రకం పిండిపదార్థం) నూనెలో కరగవు, నీళ్లలో కరుగుతాయి. అందుకే చారులోనో పప్పులోనో ఉడికాక రెబ్బలు ఏరేసినా లాభం లేదు (అమ్మమ్మలు ఒప్పుకోరనుకోండి).

మలంలో రక్తం, బరువు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం, నిద్రలోంచి లేపే నొప్పి, మళ్లీ మళ్లీ జ్వరం, వీటిలో ఏది ఉన్నా తిండి మార్పులతో ప్రయోగాలు చేయకుండా ముందు పిల్లల డాక్టరుకు చూపించండి.