అమెరికా రోగి ఫైలుకు తాళం, మన రిపోర్టు వాట్సాప్‌లో

మా మేనకోడలు విజయవాడ మొగల్రాజపురంలో ఒక మెడికల్ కోడింగ్ ఆఫీసులో పనిచేస్తుంది. రాత్రి షిఫ్టు. లోపలికి వెళ్ళేముందు ఫోను లాకర్‌లో పెట్టాలి. పెన్ను, కాగితం కూడా తీసుకెళ్ళనివ్వరు. అమెరికాలో ఎక్కడో ఆసుపత్రిలో చేరిన మనిషి చార్టు తన స్క్రీన్ మీద ఉంటుంది. ఆ జబ్బుకు, చేసిన చికిత్సకు కోడ్ నంబర్లు వేయడం తన పని. అందులో చూసిన ఏ పేరూ ఇంట్లో కూడా చెప్పకూడదని చేరిన రోజే సంతకం చేయించుకున్నారు.

పోయిన నెల గుంటూరులో మా అమ్మకు రక్తపరీక్షలు చేయించాను. సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. తెరిచి చూస్తే అమ్మ రిపోర్టు వెనకాల ఇంకో ముగ్గురివి ఉన్నాయి. పేరు, వయసు, ఫోన్ నంబరు అన్నీ. అందులో ఒకటి చూడగానే ఫోను పక్కన పెట్టేశాను. ఆ మనిషి తన ఇంట్లోవాళ్ళకైనా చెప్పిందో లేదో అనిపించే విషయం అది. ల్యాబ్‌కు ఫోన్ చేస్తే కౌంటర్‌లో అబ్బాయి "పొరపాటున వచ్చాయి సార్, డిలీట్ చేసేయండి, ఏం కాదు" అన్నాడు.

రెండు చోట్లా పనిచేసేది మన పిల్లలే. ఒకచోట జాగ్రత్త ఉండి, ఇంకోచోట లేకపోవడానికి కారణం మనస్తత్వమని నేను అనుకోను. మొగల్రాజపురం ఆఫీసు వెనక ఒక కాంట్రాక్టు ఉంది. అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం ప్రకారం, రోగి వివరాలు బయటి కంపెనీకి ఇచ్చే ఆసుపత్రి ఆ కంపెనీతో ముందే ఒప్పందం రాసుకోవాలి. వివరాలు బయటపడితే ఆ కంపెనీ 60 రోజులు దాటకుండా ఆసుపత్రికి చెప్పాలన్నది చట్టం పెట్టిన గడువు. మా మేనకోడలి ఆఫీసులో అయితే 24 గంటలే. ఇలాంటి ఒప్పందాలు రాయడమే పెద్ద అంతర్జాతీయ లా సంస్థల్లో మీడియా, టెక్నాలజీ, ప్రైవసీ విభాగాల ప్రధానమైన పనుల్లో ఒకటి. ఎక్కడో కూర్చున్న లాయరు రాసిన ఒక్క వాక్యం వల్ల మన ఊళ్ళో గుమ్మం దగ్గర లాకర్ వెలిసింది.

లాయరంటే మనకు కోర్టు గుర్తొస్తుంది. ఈ విభాగాల్లో పని ఎక్కువగా కోర్టుకు వెళ్ళకముందే అయిపోతుంది. ఒప్పందం సంతకం కాకముందు చదవాలి. పత్రిక అచ్చుకు వెళ్ళకముందు, అందులో ఎవరి పరువుకు, ఎవరి గోప్యతకు దెబ్బ ఉందో చూడాలి. కంపెనీ సర్వర్‌లోకి దొంగలు పడ్డారని అర్ధరాత్రి ఫోన్ వస్తే గంటలు లెక్కపెట్టుకుంటూ పనిచేయాలి. ఎందుకంటే 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం ఆ సంగతి 72 గంటల్లో అక్కడి అధికారులకు చెప్పాలి. ఆ చట్టాన్ని తీవ్రంగా ఉల్లంఘించిన కంపెనీ మీద ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం వరకూ జరిమానా పడొచ్చు. 2023లో ఫేస్‌బుక్ నడిపే మెటాకు పడిన జరిమానా 120 కోట్ల యూరోలు. ఇంత డబ్బు ముప్పు ఉన్నచోట ముందుగా చదివే లాయరుకు ఫీజు ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

అయితే ఆ ఫీజుతోనే ఇంకో చిక్కు ఉంది. లండన్‌లో మోడల్ నవోమీ క్యాంప్‌బెల్ మత్తు అలవాటు నుంచి బయటపడే సమావేశానికి వెళ్ళి వస్తుండగా తీసిన ఫోటోను డైలీ మిర్రర్ వేసింది. 2004లో, అప్పట్లో బ్రిటన్ పైకోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు, ఇద్దరుగా చీలి ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. చికిత్స వివరాలు ఆమె సొంత విషయమేనని ఆ తీర్పు చెప్పింది. నష్టపరిహారం 3,500 పౌండ్లు. కోర్టు ఖర్చుల కింద పత్రిక ముందుకు వచ్చిన బిల్లు మాత్రం పది లక్షల పౌండ్లు దాటింది. గెలిచిన లాయర్లకు అదనంగా ఇచ్చే ఫీజు భారం పత్రికా స్వేచ్ఛకు అడ్డమని 2011లో యూరప్ మానవ హక్కుల కోర్టు చెప్పాల్సి వచ్చింది. తీర్పు సరైనదే అని నా అభిప్రాయం. కానీ ఆ బిల్లులో పదో వంతు వచ్చినా బెజవాడలో నలుగురు కుర్రాళ్ళు నడిపే న్యూస్ పోర్టల్ మూతపడుతుంది. అందుకే గోప్యత చట్టం రాసేటప్పుడు విలేకరి గురించి కూడా ఆలోచించాలి.

మన దగ్గర ఆలోచించారు, తర్వాత తీసేశారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పారు. డేటా రక్షణ మీద కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 చట్టం ముసాయిదాలో జర్నలిజానికి మినహాయింపు పెట్టింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో అది లేదు. పైగా అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. ఇదివరకు ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వొచ్చన్న మాట ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు ఆ క్లాజులో లేదు. ఆ వాదనకు ఇంకో సెక్షన్ ఆధారంగా అధికారిని ఒప్పించుకోవాలి. కాంట్రాక్టరు పేరు అడిగే మండల విలేకరికి ఇది పెద్ద దెబ్బ.

ల్యాబ్ సంగతికి వస్తే, ఆ డేటా పరిరక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. రిపోర్టు బయటపడిన మనిషికి పైసా రాదు. ఐటీ చట్టంలో నష్టపరిహారం ఇప్పించే 43ఎ సెక్షన్‌ను కూడా ఈ చట్టం తీసేస్తోంది. ఇది నాకు అసలు మింగుడు పడదు.

ఇంకో సంగతి. విదేశీ కంపెనీతో కాంట్రాక్టు ప్రకారం ఇక్కడ చేసే పనిలో, విదేశీయుల వివరాలకు ఈ చట్టంలోని చాలా బాధ్యతలు వర్తించవు. భద్రత మాత్రం పాటించాలి. అంటే అమెరికా రోగికి మున్ముందు కూడా కాంట్రాక్టే దిక్కు, ఆ కాంట్రాక్టు గట్టిదే. గుంటూరు రోగికి ఉన్నది ఈ చట్టమే. దాన్ని పట్టుకుని అడిగే లాయరు దగ్గర్లో ఉండాలి.

ఆ లాయరు విదేశాల నుంచి రాడు. విదేశీ లాయర్లు మన కోర్టుల్లో వాదించడానికి, మన చట్టం మీద ప్రాక్టీసు చేయడానికి వీల్లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బార్ కౌన్సిల్ తర్వాత తెచ్చిన నిబంధనలు కూడా వాళ్ళకు తమ దేశపు చట్టం, అంతర్జాతీయ చట్టం వరకే దారి ఇచ్చాయి. పైగా ఇక్కడ కావాల్సిన పని వేరు. కొత్త చట్టం ప్రకారం సమ్మతి నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. అందులో తెలుగూ ఉంది. కొత్తపేట ఆసుపత్రి ఓపీ లైన్‌లో నిలబడ్డ పెద్దావిడకు అర్థమయ్యేలా ఆ నోటీసు రాయడం గవర్నర్‌పేట జూనియర్ చేయగలిగినంత బాగా లండన్ లాయరు చేయలేడు. ఏసీ లా కాలేజీలోనో, నాగార్జున యూనివర్సిటీలోనో చదివే పిల్లలకు ఇది నిజమైన జీవనోపాధి అవుతుంది.

గోప్యత అంటే సమాచారం దాచిపెట్టడమని అనుకునేవాళ్ళకు ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా గ్రూపులో సింగ్‌నగర్ వాళ్ళ నంబర్లు, ఇంటి గుర్తులు, ఇంట్లో పసిపిల్లలున్నారన్న వివరాలు గంటగంటకూ తిరిగాయి. అలా తిరగాలి కూడా. పడవకు దారి తెలియాలి కదా. నీళ్ళు తీశాక మాత్రం ఎవరం వాటిని చెరపలేదు. చట్టం అడుగుతున్నది ఆ చివరి పనే.

గవర్నర్‌పేటలో తెలిసిన ఒక జూనియర్ అడ్వకేట్ చేత ల్యాబ్‌కు అర పేజీ తెలుగు ఉత్తరం రాయించాను. ఆ ముగ్గురికీ జరిగింది మీరే ఫోన్ చేసి చెప్పండి, రిపోర్టు పంపేముందు నంబరు సరిచూడండి అని రెండే కోరికలు. జవాబు రాలేదు. మొన్న అమ్మను మళ్ళీ తీసుకెళ్తే, బిల్లు మీద ఒక కొత్త గడి కనిపించింది: రిపోర్టు ఏ నంబరుకు పంపాలో మీరే రాయండి. మొదటి కోరిక సంగతి అడిగితే మేనేజర్ లేరన్నారు. వచ్చే సోమవారం ఉంటారట, వెళ్తాను.