మా వదిన చేసిన చీజ్

పోయిన ఏడాది దీపావళికి రెండు రోజుల ముందు ఊళ్ళో దిగాను. పద్దెనిమిదేళ్ళుగా అమెరికాలో, విస్కాన్సిన్‌లో ఉంటున్నాం. పిల్లల సెలవుల్ని బట్టి ఎప్పుడూ డిసెంబరు చివర్లోనే వెళ్ళేవాళ్ళం, అప్పటికి సార్వా (తొలకరి వరి) కోతలు అయిపోయి చేలన్నీ మోళ్ళతో కనిపించేవి. ఈసారి ఒక్కణ్ణే వెళ్ళాను కాబట్టి కార్తీకం చూడగలిగాను. రావులపాలెం దగ్గర హైవే దిగి కాలువ గట్టెక్కగానే రెండు పక్కలా పాలు పోసుకుంటున్న వరి. వరద తీసిన లంకల్లో ఒండ్రు మీద గడ్డి మోకాలెత్తు లేచింది. సైకిళ్ళ మీద, పడవల మీద మోపులు వస్తున్నాయి. మా దొడ్లో మూడు పాడి గేదెలు, నిండు చూడితో ఇంకొకటి.

గేదెలకు ఇది సొంత కాలం. పగలు తగ్గి రాత్రి పెరుగుతున్న రోజుల్లోనే అవి ఎక్కువగా ఎదకు వస్తాయి. చూడి పది నెలల పైన, సుమారు 310 రోజులు. అందుకే ఈ కార్తీకంలో చూడి కట్టింది వచ్చే ఏడు వినాయక చవితి వేళకు ఈనుతుంది, కాస్త వెనకబడ్డవి దసరాకో దీపావళికో ఈనుతాయి. ఈతలు, పచ్చిగడ్డి, చల్లబడ్డ గాలి, మూడూ ఒకేసారి కలిసొచ్చి ఊరంతా పాలే పాలు. ఆ పాలన్నీ పాలుగానే ఊరు దాటిపోతున్నాయి. వాటిలో కొన్నయినా ఊళ్ళోనే చీజ్ కావాలని, అందుకు ఇక్కడి మన తెలుగు సంఘం డబ్బు పెట్టాలని అడగడానికే ఇది రాస్తున్నాను.

నేను వెళ్ళిన మర్నాడు తెల్లవారుజామున ఆ నాలుగో గేదె ఈనింది. దున్నదూడ. వదిన ఎండుగడ్డితో దాని ఒళ్ళు తుడిచి, ముక్కులో జిగురు తీసి, తల్లి ముందుకు లాగింది. అది నాకుతుంటే దూడ ముందు కాళ్ళ మీద లేవబోయి రెండుసార్లు చతికిలబడి, మూడోసారికి నిలబడింది. నేను జున్ను మాట ఎత్తాను. "ముందు దూడ తాగాలి చిన్నబ్బాయ్, జున్ను ఎక్కడికీ పోదు" అంది వదిన. రొమ్ము దాని నోటికి తనే అందించింది. పుట్టిన మొదటి గంటా రెండు గంటల్లో తాగే ముర్రుపాలే దూడకు రోగాలను తట్టుకునే శక్తినిస్తాయి. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తిని ఒంటికి పట్టించుకునే గుణం దూడ పేగుల్లో తగ్గిపోతుంది, ఒక రోజు దాటితే దాదాపు ఉండదు. దున్నదూడేగదా అని ఆ పాలు కూడా పిండేసే ఇళ్ళున్నాయి. మా ఇంట్లో ఆ పని ఎన్నడూ జరగలేదు. మాయ వేసేదాకా వదిన అక్కణ్ణించి కదలలేదు. దూడ కడుపు నిండాక మిగిలిన పాలలో బెల్లం, మిరియాల పొడి వేసి ఆవిరి మీద జున్ను పెట్టింది. మూడిళ్ళకు గిన్నెలు వెళ్ళాయి. సాయంత్రానికి మూడూ తిరిగొచ్చాయి, ఒకదాంట్లో గుప్పెడు బియ్యం, మిగతా రెండింట్లో పసుపు కొమ్ములు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరు మా వైపు.

మన నిఘంటువుల్లో చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. మా అమ్మాయికి తెలుగు నేర్పేటప్పుడు నేనూ అలాగే చెప్పాను. కానీ రెండూ వేరు. జున్ను ముర్రుపాలలోని సొంత మాంసకృత్తులతో, వేడి తగిలితే చాలు గట్టిపడుతుంది. మామూలు పాలు చీజ్ కావాలంటే రెన్నెట్ అనే, పాలను గడ్డకట్టించే ఎంజైమ్ కావాలి, తర్వాత నీరు తీయాలి, ఉప్పు పట్టించాలి. మన ఉక్కలో పాలను నిలవ చేయడానికి పెద్దవాళ్ళు పట్టుకున్న దారి నెయ్యి. పిడకల దాలి మీద ఎర్రగా కాగిన పాలు, మందపాటి మీగడ, కవ్వం, వెన్న, నెయ్యి, ఈ వరసలో మనవాళ్ళకు తెలియని కిటుకు లేదు. చీజ్ దాకా రాలేదంతే. ఇప్పుడు ప్రతి మండలంలో ఫ్రిజ్‌లున్నాయి, అమలాపురం, భీమవరం, రాజమండ్రిలో పిజ్జా తినని పిల్లల్లేరు.

పొద్దున్నా సాయంత్రం పాలకేంద్రం దగ్గర వినపడే ప్రశ్న ఒకటే: "ఫ్యాట్ ఎంత వచ్చింది?" వదిన పాలకు ఏడు శాతం దాటే వస్తుంది. ఆ చీటీతో ఊరి పని అయిపోయింది, తర్వాత లాభమంతా వేరేవాళ్ళది. నేను ఉన్న వారంలోనే ఒక కేంద్రంలో పాలు ఎక్కువయ్యాయని లీటరు రేటు తగ్గించారు. తెలగపిండి రేటు మాత్రం తగ్గలేదు. నాలుగింటికి లేచి కుడితి కలిపి, పేడ ఎత్తి, పాలు పితికే మనిషికి, పాలు పొంగే నెలల్లోనే చేతికొచ్చేది తగ్గడం నాకు చాలా బాధగా అనిపించింది.

ఇటలీలో కంపానియా అనే ప్రాంతం ఉంది. అక్కడి గేదె పాల మొజరెల్లాకు 1996లో యూరోపియన్ యూనియన్ రక్షిత నామం ఇచ్చింది. వేరే చోట చేసిన దాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. ఆ గేదెలు మన ముర్రా గేదెల్లాంటి నదీజాతివే. అంత దూరం ఎందుకు, మా ఊరికి ఐదారు మైళ్ళలో ఆత్రేయపురం ఉంది. బోర్లించిన కుండ మీద ఆడవాళ్ళు బియ్యప్పిండి నీళ్ళతో తీసే రేకు, కాస్త బెల్లం, కాస్త నెయ్యి. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బియ్యం ధాన్యంగానే లారీ ఎక్కి ఉంటే ఆత్రేయపురం పేరు ఎవరికి తెలిసేది?

నేను సూక్ష్మజీవులతో తయారైన శాకాహార రెన్నెట్ బిళ్ళలు, ఒక థర్మామీటర్ పట్టుకెళ్ళాను. మొదటి రోజు పాలు చెడిపోయాయి. పొయ్యి మీద మరిగిన పాలు పోశాను, మరిగిన పాలు రెన్నెట్‌కు సరిగా తోడుకోవు. రెండో రోజు 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, 35కి చల్లార్చి, చెంచాడు మజ్జిగ, నీళ్ళలో కరిగించిన బిళ్ళ కలిపాం. నలభై నిమిషాలకు నేను గడియారం చూస్తుంటే వదిన చూపుడు వేలు ఏటవాలుగా గుచ్చి పైకి లేపింది. గడ్డ గాజు పగిలినట్టు నున్నగా చీలి, చీలికలో ఆకుపచ్చ ఛాయ నీరు ఊరింది. "అయింది, కొయ్యి" అంది. అరిసెల పాకం చూసే వేలు అది. ముక్కలు కోసి, కదిపి, పల్చటి పంచె గుడ్డలో మూటకట్టి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టాం. తెల్లారేసరికి ఐదు లీటర్లకు కిలో దాకా తెల్లటి దిమ్మ. గేదె పాలలో ఆవు పాలలోలాగా పసుపు రంగు ఉండదు కాబట్టి మల్లెపువ్వులా ఉంది. విరుగుడు నీళ్ళు కుడితిలోకి వెళ్ళాయి. ఆ దిమ్మను పెనం మీద కాల్చి కరివేపాకు కారంతో తిన్నాం. మా అన్నయ్య రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

ఇది ఇంట్లో ఒక పూట తినడానికి సరే. అమ్మాలంటే పచ్చిపాలతో ఆటలాడకూడదు, పాశ్చురైజేషన్ (పాలను కొలిచిన వేడి మీద ఉంచి క్రిములను చంపడం) తప్పనిసరి. పెయ్యదూడలకు బ్రూసెల్లా (పచ్చిపాల ద్వారా మనుషులకూ సోకే జబ్బు) టీకా, మందకు గాలికుంటు టీకా వేయించాలి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. ముదిరిన చీజ్‌కు నెలల తరబడి పది, పన్నెండు డిగ్రీల గది కావాలి కాబట్టి దాని జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. తాజా చీజ్, పనీర్ చాలు. చిన్న పాశ్చురైజర్, చల్లబరిచే పెట్టె, జనరేటర్ ఉన్న ఒక శుభ్రమైన గది. జనరేటర్ ఎందుకంటే ఇది తుపాన్ల కాలం కూడా. 1996 నవంబరు 6 రాత్రి మా పాక కప్పు లేచిపోయింది, కొబ్బరిచెట్లు పడి రెండు గేదెలు పోయాయి. ఆ తర్వాత వారాల తరబడి కరెంటు లేదు. నేర్పడానికి మనుషులున్నారు, తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది. మన సంఘం ఏటా ఊళ్ళకు పంపే డబ్బులో ఎక్కువ భాగం స్వాగత ద్వారాలకు, సన్మానాలకు పోతోంది. ఒక్క ఏడాది ద్వారం ఆపి ఈ గది కడదాం.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టాలి. పాలకు విలువ పెరిగితే దూడ వాటా తగ్గే ప్రమాదం ఉంది. దూడలు బతికి పెరిగిన ఇంటి పాలే తీసుకోవాలి. గడ్డి సంగతి కూడా చూడాలి. మా చిన్నప్పుడు కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవారు, వరి కోశాక పశువులకు అదే మేత. ఇప్పుడు దాళ్వా (రెండో వరి పంట) తొందరలో ఎవరూ చల్లడం లేదు. చేలు రొయ్యల చెరువులయ్యాయి, గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారు. సెంటు భూమి లేని ఆడవాళ్ళు ఆ గట్ల గడ్డి కోసుకునే గేదెను సాకేవారు.

పోయిన వారం వదిన ఫోన్ చేసింది. నేను వచ్చాక ఏడుసార్లు చేసిందట, ఈసారి ఉప్పు సరిపోయిందట. "వచ్చేటప్పుడు థర్మామీటర్ ఇంకోటి తీసుకురా నాయనా, ఆ ఉన్నది పక్కింటి వాళ్ళు పట్టుకెళ్ళి ఇవ్వట్లేదు" అంది.