జవాను చూశాడు సరే, వేళ రాశాడా?

1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంటలను రెండు నెలలకు పైగా చూసిన కోనసీమకు ఆకాశంలో వింత వెలుగు కొత్త కాదు. గ్రహాంతర వాహనమంటూ వాట్సాప్‌లో అలాంటి వీడియో వస్తే అమలాపురంలో ఎవరూ పెద్దగా కంగారు పడరు. దాని కింద ‘సైనిక స్థావరం దగ్గర, సైనికులే చూశారు’ అని ఉంటే మాత్రం స్వరం మారిపోతుంది. యూనిఫాం వేసుకున్నవాడు పొరబడడని మన నమ్మకం.

ఇంగ్లండులోని రెండిల్‌షామ్ అడవి ఉదంతం చూడండి. 1980 డిసెంబరు 26 తెల్లవారుజామున అమెరికా వైమానిక దళం వాడుకుంటున్న ఉడ్‌బ్రిడ్జ్ స్థావరం కాపలా సిబ్బందికి చెట్ల మధ్య వెలుగులు కనిపించాయి. రెండు రాత్రుల తర్వాత డిప్యూటీ కమాండర్ చార్లెస్ హాల్ట్ స్వయంగా టేప్‌రికార్డర్ పట్టుకుని వెళ్లారు. ఆ టేపులో వెలుగు కనబడగానే వేసిన కేకల మధ్య ఎడం ఐదు సెకన్లు. అదే దిక్కున ఉన్న ఆర్‌ఫర్డ్‌నెస్ లైట్‌హౌస్ వెలిగేదీ ఐదు సెకన్లకొకసారే. అంతర్వేది లైట్‌హౌస్‌ను ఆనవాలుగా పెట్టుకుని ఒడ్డు చేరే మత్స్యకారుడు ఒక్కడు వెంట ఉంటే కథ అక్కడే ముగిసేదేమో! హాల్ట్ ఈ వివరణను ఒప్పుకోలేదు. ఆయన నిజాయతీని శంకించనక్కర్లేదు. కానీ రెండు వారాలు గడిచాక రాసిన నివేదికలో తొలి ఘటన తేదీయే 27గా పడింది. 26న మూడు గంటల ప్రాంతంలో దక్షిణ ఇంగ్లండు మీద పెద్ద ఉల్క ఒకటి మండిపోయింది. తేదీ తప్పాక, చూసిన వెలుగును ఆ ఉల్కతో ఎలా సరిపోల్చాలి?

లద్దాఖ్‌లో మనవాళ్లు ఇంతకన్నా మంచి పని చేశారు. పాంగాంగ్ సరస్సు మీద చైనా డ్రోన్లు తిరుగుతున్నాయని అనుమానించి, 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా 329 సార్లు కనిపించినట్టు నమోదు చేశారు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ నిపుణులు అవి గురు, శుక్ర గ్రహాలని తేల్చారు. అప్పట్లో జోకులు పేలాయి. నాకైతే నవ్వు రాలేదు. చీకట్లో పోల్చుకోవడానికి చెట్టూ ఇల్లూ లేనప్పుడు కంటికి వంద మీటర్లూ, కోట్ల కిలోమీటర్లూ ఒక్కటే. అనుమానాన్ని కాగితం మీద పెట్టారు గనుకే జవాబు దొరికింది.

2019 నవంబరులో కాకినాడ తీరంలో భారత్, అమెరికా దళాలు టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు జరిపాయి. అలాంటి రోజుల్లో వెలుగు కనిపిస్తే సైన్యం పెదవి విప్పదు, విప్పనక్కర్లేదు కూడా. ఆ మౌనాన్ని గ్రహాంతర వాహనమేనన్న ఒప్పుకోలుగా తీసుకోవడం తొందరపాటు. ఎన్ని గంటలకు, ఏ దిక్కున, ఎంతసేపు అన్నది రాసుకోవడం మాత్రం మన చేతిలో పని. ఫార్వర్డు వీడియోల్లో అవే ఉండవు. మునిమాపున రైలు పెట్టెల్లా వరసగా సాగే స్టార్‌లింక్ ఉపగ్రహాలను వేళ తెలిస్తే ఇట్టే పోల్చుకోవచ్చు. తెలియకపోతే అవి రాజోలు మీద తిరిగిన గ్రహాంతర వాహనంగానే ఊరూరా తిరుగుతాయి.